పెరటాసి నెల గుండ్లు

మా మామ మునిరామయ్య మంచం పట్టి నలభై రోజులైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇంక ఇంటికి తీసుకుపోయి నోటికి రుచైనది పెట్టండి అని చిత్తూరులో డాక్టరు చెప్పేశాడు. చూడడానికి వచ్చిన ప్రతివాళ్లకూ మామ ఒకటే మాట చెప్పేవాడు. "నాకు కొడుకు లేడు. నా తమ్ముని కొడుకు మునిప్రసాద్ ఉండాడు. వాడే నాకు కొరివి పెడతాడు." ఆ మాట చెప్పేటప్పుడు కొడుకు గడప అవతలే, చంక కర్ర పక్కన పెట్టుకుని కూర్చొని ఉండేవాడు.

ఆ కొడుకు నా మొగుడు. పేరు చిన్నబ్బ. కుడికాలు మోకాలి పైదాకా లేదు. అప్పటికి తండ్రి ఆయనతో మాట్లాడి రెండేళ్లు కావస్తోంది. కాలు పోయినందుకు ఆయన ఒక్కరోజు ఏడవలేదు, ఈ మాటకు మాత్రం రోజూ ఏడ్చేవాడు. మామ కన్నుమూసేలోగా "ఒరే చిన్నబ్బా" అని ఒక్కసారి పిలిస్తే చాలనుకునేవాడు. ఆ పిలుపు రాకుండా చేసింది నేను. నా నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటికి ఇల్లే మిగల్లేదు.

మాది బంగారుపాళ్యం పైన కొండవార ఊరు. కింద హైవే పక్కన అందరికీ మామిడి తోటలుంటే, పైన మాకు మూడెకరాల మెట్ట, దాంట్లో శెనక్కాయ. కాయలో పాలు ఎప్పుడు పడతాయో రైతు కన్నా అడవి పందులకే ముందు తెలుస్తుంది. మందగా దిగి, తెల్లారేసరికి అర ఎకరా దున్నినట్టు చేసి పోతాయి. అందుకని మామకు లైసెన్సుతో ఒక తుపాకీ ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, దాని మీద గుండు దించి, ఇనుప కడ్డీతో దట్టించే పాత రకం. మామకు చూపు మందగించాక లైసెన్సు కొడుకు పేరుకు మారింది. పెత్తనం మాత్రం మారలేదు.

గుండ్లు కొనేవాళ్లు కాదు. పాత బ్యాటరీల సీసాన్ని గరిటెలో కరిగించి, ఇత్తడి అచ్చులో పోసి, చల్లారాక అచ్చు నోటి దగ్గర మిగిలిన తోకను ఆకురాయితో అరగదీసేవాళ్లు. అంతవరకూ ఎవరైనా చేస్తారు. మామ గొప్పంతా ఆ తర్వాతి పనిలో ఉంది. గుండుకు జిడ్డు పట్టించాలి. జిడ్డు లేని గుండు గొట్టంలో సగందాకా దిగి ఇరుక్కుంటుంది. ఆయన తేనెమైనం, మేక కొవ్వు కలిపి సన్నసెగ మీద కరిగించి, పళ్లెంలో పరిచిన గుండ్ల మీద పోసి, పేరుకున్నాక ఒక్కొక్కదాన్ని బొటనవేలితో నెట్టి తీసేవాడు. ఆ తర్వాత ఒక గుండును ఎండలో బండ మీద పెట్టి, మధ్యాహ్నందాకా దాని పక్కనే కాపలా కూర్చునేవాడు.

"గుండుకు చెమట పట్టగూడదు," అనేవాడు. "పట్టిందా, ఆ జిడ్డు దిగి మందును తడుపుతాది. తడిసిన మందు పేల్దు. ఎదురుగా వచ్చే పంది నీ కోసరం ఆగదు."

ఈ పాఠం నా పెళ్లైనప్పటి నుంచి నూరుసార్లు విన్నాను. ముసలాయనకు పనిలేదు, గుండుకు పెళ్లిచూపులు చేస్తున్నాడని వెనక నవ్వేదాన్ని.

మా ఆయన కాలు పోయిన యేడు, పెరటాసి నెల మొదలవుతూనే మామ తిరుచానూరులో తన కూతురు వరదమ్మ ఇంటికి పోయాడు. మా ఆడబిడ్డకు అమ్మవారి గుడి దగ్గర పూలంగడి. ఆ నెలంతా యాత్రికులు విరగబడతారు, మాలలు కట్టే చేతులు చాలవు. పోతూ పోతూ కొడుక్కి చెప్పాడు, గుండ్లు అయిపోయాయి, ఒక ముప్పై పోసి పెట్టుకో అని.

పెరటాసి, అంటే అరవ లెక్కన సెప్టెంబరు నడిమి నుంచి వచ్చే నెల, మాకు వెంకటేశ్వరస్వామి నెల. నెలంతా ఇంట్లోకి నీచు రాదు. శనివారం పూట నామం పెట్టుకుని, గోవిందా అంటూ ఇంటింటా బియ్యం అడుక్కొచ్చి, వండి ఆకులో స్వామి ముందర నైవేద్యంగా తళిగ వేయాలి, బెల్లం కలిపిన బియ్యప్పిండితో పిండి దీపం పెట్టాలి. మొదటి శనివారానికి ముందురోజు ఇల్లంతా కడిగి, నీచు వండే కూరచట్లు అటకెక్కించి, ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమి నడుము పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మా ఆయన బంగారుపాళ్యం నుంచి వచ్చి పొయ్యి గట్టు మీద ఒక కవరు పెట్టాడు. విప్పితే మేక కొవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది.

"యోవ్, నీకు కండ్లు కనపడతాండాయా లేదా? రేపు తళిగేసే ఇంట్లోకి నీచు తెస్తావా?"

"తినేదానికి కాదు మే. గుండ్లకు."

"గుండ్లకైనా గుండెనొప్పికైనా, నా పొయ్యి మీదికి అది ఎక్కేది లేదు."

"పెరట్లో రాళ్లు పెట్టుకోని కరిగిస్తాలే."

"ఆ కంపు ఈడికి రాదా? స్వామికి ముక్కు లేదా?"

ఆయన తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఎప్పుడూ అంతే, నేను గొంతు లేపితే ఆయన గొంతు తగ్గుతుంది. "నాయన కొవ్వే ఎయ్యమన్నాడు కదా కోమలీ," అన్నాడు.

"మీ నాయన ఈడ ఉండాడా? కొబ్బరినూనె ఉండాది, అది ఎయ్యి. పొద్దున్నే సూడు, సీసాలో రాయి మాదిరి పేరుకోని ఉంటాది. జిడ్డు జిడ్డే."

తలకు రాసుకునే నూనె సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది నేనే. ఆ కవరు తీసుకుపోయి వీధి చివర కుక్కలకు వేసిందీ నేనే. వేసి వచ్చి మళ్లీ తలస్నానం చేశాను కూడా, పుణ్యం కట్టుకున్నట్టు.

ఆ వారం మబ్బు. కొండ మీంచి చల్లగాలి. మైనంలో కొబ్బరినూనె కలిపి పోస్తే గుండ్ల చుట్టూ తెల్లగా, గట్టిగా పేరుకుంది. మామ చేసినవాటి కన్నా చూడ్డానికి అవే బాగున్నాయి. "మీ నాయనకు నేను నేర్పిస్తాలే," అని ఎగతాళి చేశాను. మా ఆయన ఒక గుండును బండ మీద పెట్టాడు కానీ రెండు రోజులు ఎండే రాలేదు. మూడో రోజు దాన్ని కూడా తీసి డబ్బాలో వేసేశాడు.

రెండో శనివారం సాయంత్రం మామ ఫోన్ చేశాడు. నేను పక్కనే పిండి దీపం ముక్క తింటూ కూర్చున్నాను.

"గుండ్లు పోసినావా?"

"పోసినా నాయనా."

"కొవ్వు ఏసినావా?"

మా ఆయన నా వైపు చూశాడు. లేదంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే ఆ ముసలాయన ఫోన్లోనే నన్నూ మా పుట్టింటినీ కడిగి ఆరేస్తాడు. "ఏసినా నాయనా," అన్నాడు.

"ఎండలో పెట్టినావా?"

"పెట్టినా."

ఫోన్ పెట్టాక నాకెంత సంబరమో. మొగుడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. చెప్పుతో కొట్టాలి నన్ను.

మూడో వారానికి మబ్బు విడిచి ఎండ కాసింది. పెరటాసి ఎండ మామూలుది కాదు, పెయ్యల చర్మం లేస్తుంది. ఒక సాయంత్రం మా ఆయన తుపాకీలో మందు పోసి, గుండు దించి సిద్ధం చేసుకుని మంచె మీద కాపలా పడుకున్నాడు. ఆ రాత్రి పందులు రాలేదు. దట్టించిన గుండును ఊరికే కాల్చేయడం దండగ అని తుపాకీని అలాగే మంచె మీద వదిలి వచ్చాడు. మంచెకు పైన తగరపు రేకు. పగలంతా ఆ రేకు కింద తుపాకీ ఉడికింది.

పొద్దు గూకాక ఆయన మళ్లీ మంచె మీదికి కాపలాకు పోయాడు. మరుసటి తెల్లవారుజామున, వెలుగు వచ్చే వేళకు, నేను కాఫీ పట్టుకుని పోయాను. చేను పడమటి కొసన ఒంటిపంది కాయలు తవ్వుతోంది. మందలోంచి విడిపోయిన మగపంది. అది దేనికీ బెదరదు. ఆ యేడు పందుల్ని కాల్చడానికి ఫారెస్టు ఆఫీసు నుంచి అనుమతి కాగితం కూడా వచ్చింది. మా ఆయన మంచె దిగి గట్టు వెనక మోకాలు మీద కూర్చున్నాడు. నన్ను మంచె కింది రేకు డబ్బా తీసుకుని, పంది వెనక వైపుకు పోయి కొట్టమని చెయ్యి ఊపాడు. కొట్టాను. పంది తల ఎత్తి నన్ను చూసి, తిరిగి నేరుగా ఆయన వైపే పరుగెత్తింది. ఇరవై అడుగుల దాకా రానిచ్చి ఆయన తుపాకీ గుర్రం లాగాడు.

టప్పుమని చిన్న చప్పుడు, అంతే. టపాకాయ తుస్సుమన్నట్టు. పొగ లేదు, గుండు లేదు. ఆయన తుపాకీని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పంది వచ్చి ఆయన కాలు కింద దూరి ఎత్తి పారేసింది. మళ్లీ తిరిగి వచ్చి ఇంకోసారి పొడిచింది. నేను డబ్బాతో దాన్ని మోదానంటారు ఊళ్లోవాళ్లు, నాకు గుర్తు లేదు. నాకు గుర్తున్నది ఆయన కాలు మోకాలి కింద పక్కకు తిరిగి ఉండడం, ఎముక తెల్లగా బయటికి కనబడడం.

మామకు ఫోన్ చేశాను. "పుత్తూరుకు తీసకపోండి," అన్నాడు. "ఎముక ఇరిగితే పుత్తూరు కట్టే. ఆస్పత్రికి పోతే కోసేస్తారు. నేనూ ఆడికే వస్తాండా." మునిప్రసాద్ కారు మాట్లాడాడు. చిత్తూరు దాటి పుత్తూరు చేరేసరికి ఎండెక్కింది. కట్టు కట్టే పెద్దాయన కాలికి చుట్టిన తువాలు తీసి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "చర్మం తెగి ఎముక బయటికొచ్చినాదమ్మా. దీనికి మేము కట్టగూడదు. ఈడ ఒక్క నిమిషం ఉండొద్దు, తిరుపతికి పోండి." తిరుపతి పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు చూశారు. కాలు నల్లబడింది. అయిదో రోజు తీసేశారు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లం అన్నాడు డాక్టరు. మామ ఆ మాట విని గోడ వైపు తిరిగాడు. పుత్తూరుకు పొమ్మన్నది తనే అన్న సంగతి ఆ తర్వాత ఏనాడూ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చిన రోజే మామ గుండ్ల డబ్బా అడిగాడు. మూత తీసి ఒక గుండును వేళ్ల మధ్య నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చూపు సరిగ్గా ఆనకపోయినా ఆ ముక్కుకు అన్నీ తెలుసు. మంచం మీద పడుకున్న కొడుకు దగ్గరికి పోయాడు.

"కొవ్వు ఏసినావా అని అడిగితే ఏమన్నావు?"

మా ఆయన దుప్పటి తొడ మీదికి లాక్కున్నాడు.

"ఇది ఎవురు జేసినారు?"

"నేనే నాయనా."

"ఎండలో పెట్టినానంటివే?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఊళ్లో ఎవరితోనైనా కలబడే నోరు అప్పుడు లేవలేదు. భయం. ఆ ముసలాయన నన్ను ఇంట్లోంచి తరిమేస్తాడని భయం, మొగుడి కాలు తీయించిన ముండ అని ఊరు అంటుందని భయం. మామ డబ్బాను పెరట్లో బావిలో పారేసి వచ్చాడు. "పని తెలీకపోతే నేర్పొచ్చు. పనిలో అబద్ధం జెప్పేవాడు నాకు పుట్టలేదు," అన్నాడు. కొడుకుతో ఆయన చివరి మాట అదే.

నేను చెప్పేస్తానని మా ఆయనతో ఎన్నోసార్లు అన్నాను. "వద్దు," అనేవాడు. "కాలెట్లా రాదు. నిన్నెందుకు తిట్టించేది." నిజం చెప్పాలంటే ఆయన వద్దన్నప్పుడల్లా నాకు లోపల హాయిగానే ఉండేది. అలా రెండేళ్లు గడిపాను. కానీ మామ కొరివి సంగతి ఊరంతటికీ చెప్పడం మొదలుపెట్టాక మా ఆయన అన్నం మానేశాడు. ఒక్క మెతుకు దిగేది కాదు. ఇంక ఊరుకోకూడదని మొన్న ఆదివారం మా ఆయన పాలు పోయడానికి కేంద్రానికి పోయిన సమయం చూసి, రాగిజావ గిన్నె పట్టుకుని మామ మంచం పక్కన కూర్చున్నాను.

"మామా, నీకొక మాట జెప్పాల."

"చెప్పమ్మా."

అంతా చెప్పాను. కవరు, కుక్కలు, నూనె సీసా, ఫోన్లో నా కోసం ఆయన ఆడిన అబద్ధం, ఒక్కటీ దాచలేదు. స్వామికి ముక్కు లేదా అన్న నా మాట కూడా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. మామ కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక చాలాసేపు దగ్గాడు. ఆ తర్వాత తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. పదిహేడేళ్లలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నా గుండె తేలికపడింది. తిట్టు మామా, తిట్టు, కొట్టినా పడతాను అనుకున్నాను.

"నువ్వు మంచిదానివి తల్లీ," అన్నాడు. "మొగుని తప్పు నెత్తినేసుకునే ఆడదాన్ని కతల్లో విన్నా. నా ఇంట్లోనే ఉండాది."

"అది కాదు మామా. నిజంగా నేనే."

"వాడు నేర్పించినాడు కదా. ముసిలోడు పోతాండాడు, పోయి ఇట్ల జెప్పు అని."

"ఆయన జెప్పొద్దన్నాడు మామా. ఏడుకొండలవాని మీద ఒట్టు."

మామ నా చెయ్యి వదిలేశాడు. ముఖం రాయి అయిపోయింది. "ఒట్టు గూడా ఏయించినాడా నీ చేత."

నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. నేను చెప్పేకొద్దీ ఆయన తల అడ్డంగా ఊగుతూనే ఉంది. "సరే," అన్నాడు చివరికి. "నూనె నువ్వే ఇస్తివనుకో. ఏసినా నాయనా అని ఫోన్లో చెప్పింది నువ్వా, వాడా?"

ఎన్ని మాటలు తెలిసిన దాన్ని, ఆ ఒక్కదానికి నా దగ్గర మాట లేదు.

"పనికిమాలినోడు అనుకుంటి ఇన్నాళ్లు," అన్నాడు మామ. "పెండ్లాం కొంగు చాటున గూడా దాక్కుంటాడని ఇప్పుడే తెలిసింది." గొంతులో ఉన్న ఊపిరంతా పెట్టి వసారా వైపు అరిచాడు, కొడుకు అక్కడే ఉన్నాడనుకుని. "వాని నీడ నా పీనుగ మీద పడగూడదు. మునిప్రసాద్‌ను పిలువు."

కొడుకు నిజంగానే అక్కడ ఉన్నాడు. ఖాళీ పాలక్యాను చేత్తో పట్టుకుని గడప అవతల నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో నేను వినలేదు. లోపలికి రాలేదు. క్యాను మెల్లగా కింద పెట్టి, "నేను చెప్పొద్దంటి కదా కోమలీ," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

మామ ఇంటిపెద్దలను పిలిపించి, మునిప్రసాద్ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ నా గురించి చెప్పాడు, ఇట్లాంటి కోడలు ఏడేడు జన్మలకు దొరకదని. నా చేత్తో తప్ప ఎవరిచేతి నీళ్లూ తాగలేదు. మూడో రోజు మధ్యాహ్నం తులసి నీళ్లు కూడా నా చేతనే పోయించుకుని పోయాడు.

వాకిట్లో చాప మీద మామను పడుకోబెట్టారు. తిరుచానూరు నుంచి వరదమ్మ పూలబుట్టతో వచ్చి పడి ఏడ్చింది. బోరు దగ్గర మంగలి సుబ్రమణ్యం పీట వేసి మునిప్రసాద్‌కు తల గొరిగాడు. అయ్యాక మునిప్రసాద్ లేచి స్నానానికి పోయాడు. పీట ఖాళీ అయింది. అప్పుడు మా ఆయన చంక కర్ర ఊతంగా వాకిలి దాటి వచ్చాడు. కర్రను నేల మీద పడేసి, రెండు చేతులూ ఆనించి ఎంతో కష్టపడి ఆ పీట మీద కూర్చున్నాడు. చొక్కా విప్పి తల వంచాడు.

సుబ్రమణ్యం కత్తి పట్టుకుని పెద్దల వైపు చూశాడు. మా చిన్నమామ, మునిప్రసాద్ తండ్రి, కండువాతో ముఖం తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"వద్దు లేప్పా," అన్నాడు. "పోయినాయన చేతిలో చెయ్యేసి చెప్పినాం. మాట తప్పితే ఆయనకు గతులుండవు. నువ్వు లేయి."

మా ఆయన లేవలేదు. తల ఎత్తలేదు కూడా. సుబ్రమణ్యం కత్తి కడుక్కుని పెట్టెలో పెట్టేసుకున్నాడు. అటు పక్క ఆడవాళ్లు నన్ను చూపించి వరదమ్మతో అంటున్నారు, మీ నాయన పోతా పోతా వదినను ఎంత పొగిడినాడో తెలుసా అని. నేను పోయి ఆయన చంకల కింద చేతులు వేసి లేపాను.